మృత్తికాకర్బనము, కౌలుగడువు

(ఛత్రపూర్‌నందు చేసిన స్మారకోపన్యాసమునకు ముద్రితపాఠము)

 ఏ మహనీయుని స్మృత్యర్థము మనమిచట సమావేశమైతిమో ఆయనను ఈ పట్టణమువారికి నేను పరిచయము చేయబనిలేదు. ఇంట తెలుగును, వీధిలో ఒడియాను, కచ్చేరిలో ఇంగ్లీషును మాటాడి, మూడింటిని గౌరవించిన తరమునకు చెందినవారాయన. పగలు పాఠశాలయందు గణితమును, ప్రొద్దువాలిన పిదప పొలమునందు కృషిని సమాననిష్ఠతో నడపినవారు. వ్యవసాయ సంబంధమైన విషయమునే గ్రహింపుడని సమితివారు కోరియుండుటచేత, సాగునేలలో కర్బనమును నిలుపుటను గూర్చి ప్రసంగింప నిశ్చయించితిని.

ఈ విషయమునకు నేడు లోకమున మిక్కిలి ప్రచారము కలిగినది. శాస్త్రజ్ఞులు దీనిని పెరుగుచున్న భూతాపమునకు ఒక ఉపశమనమార్గముగా చెప్పుచున్నారు. ప్రభుత్వములు తమ ప్రణాళికలలో చేర్చుకొనుచున్నవి. వర్తకులు దీనిని తూచి అమ్మదగిన సరకుగా భావింప నారంభించినారు. ఈ మువ్వురి మాటలయందును సత్యాంశము కలదు. అయినను, నేలలో కర్బనము చేరుటయు, చేరినది నిలుచుటయు వేర్వేరు వ్యవహారములనియు, చేరుట ఒక్క ఋతువులో జరుగవచ్చును గాని నిలుచుటకు ఒక తరము పట్టుననియు, కావున ఒక నేలపై దానిని దున్నువానికి ఎంతకాలపు భరోసా కలదో అంతకాలమునకు తగిన కర్బనమే ఆ నేలలో మిగులుననియు నేను నేడు మీ యెదుట ప్రతిపాదింప దలచినాను. ఈ ప్రతిపాదనమును నిరూపించుటకు రసాయనశాస్త్రముకంటె చరిత్రయే నాకెక్కువగా తోడ్పడును. కాని రసాయనమును దాటి చరిత్రలోనికి పోవుట సాధ్యము కాదు.

పైరు తన ఆకులద్వారా గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సాహాయ్యమున దానిని తన దేహముగా మార్చుకొనును. ఆ దేహములో గింజ మనకు, గడ్డి పశువునకు పోగా, వేళ్లును, మోళ్లును, రాలిన ఆకులును నేలకు దక్కును. నేలలోని సూక్ష్మజీవులు వానిని తిని, అధికభాగమును మరల వాయువుగా విడిచి, స్వల్పభాగమును తమ దేహశేషములుగా మృత్తికయందు వదలును. ఆ శేషము బంకమన్ను రేణువులను, ఇనుము, అల్యూమినియము ఆక్సైడులను అంటిపెట్టుకొని, మట్టిపలుకుల సందులలో దాగి, తక్కిన జీవులకు అందక కొంతకాలము నిలుచును. దున్నినప్పుడు ఆ పలుకులు పగిలి, గాలి సోకి, దాగినది మరల ఆహారమగును. నేల నలుపంతయు కర్బనమేయని భ్రమపడరాదు. రేగడి నలుపునకు కారణము వేరు. దక్కను రేగళ్లలో పెక్కింట సేంద్రియకర్బనము నూటికి ఒక పాలైనను ఉండదు. ఇంకొక నిబంధన కూడ కలదు: నేలలో నిలుచు జీవాంశమునందు ప్రతి పది, పండ్రెండు పాళ్ల కర్బనమునకు ఒక పాలు నత్రజని యుండవలెను. అనగా ఒక టన్ను కర్బనమును నిలుపదలచినవాడు, దానితోపాటు ఎనుబదినుండి నూరు కిలోల నత్రజనిని గూడ నేలకు అప్పగింపవలెను. వట్టి గడ్డిని ఎంత పోసినను అది నిలువక కరగిపోవుటకును, గడ్డితో పప్పుజాతి పైరు కూడినప్పుడు నేల గుణమే మారుటకును మూలము ఇదియే. పచ్చిరొట్టకై జీలుగను, జనుమును, పిల్లిపెసరను చల్లిన మన పూర్వులు ఈ లెక్కను కాగితముపై వ్రాయలేదు గాని ఆచరించినారు.

పరిమాణములను గూర్చి ఒక్క మాట. భూమండలమందలి నేలలలో మీటరు లోతువరకు ఉన్న సేంద్రియకర్బనము సుమారు 1,50,000 కోట్ల టన్నులని అంచనా. గాలిలో నున్నది 90,000 కోట్ల టన్నులకు సమీపము. సమస్త వృక్షజాలమునందును ఉన్నది అంతకంటెను తక్కువ. యంత్రయుగమునకు పూర్వము గాలియందు పదిలక్షల పాళ్లకు 280 పాళ్లుగా నున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. ఈ వృద్ధికి బొగ్గు, చమురుల దహనమే ప్రధానకారణమైనను, అడవులు నరికి నాగలి పెట్టిన వేలయేండ్ల చరిత్రయు ఇందు కలసియున్నది. 2015లో పారిస్ మహాసభ సందర్భమున ఫ్రెంచి వ్యవసాయమంత్రి స్టెఫాన్ లె ఫోల్ ఆరంభించిన ఉద్యమము నేలలలోని కర్బనమును ఏటేట వేయింట నాలుగు పాళ్లు పెంచుటను లక్ష్యముగా పెట్టుకొన్నది. ఉష్ణదేశములలో ఆ లెక్క అక్షరశః నెరవేరునని నేను నమ్మను. వేడియు తడియు కలసినచోట కుళ్లుట శీఘ్రము. చలిదేశపు నేల పదేండ్లు దాచుకొనుదానిని మన నేల రెండేండ్లలో వ్యయము చేయగలదు. మన భూసార పరీక్షాపత్రములలో సేంద్రియకర్బనము అరశాతమునకు తక్కువైన అల్పమనియు, ముప్పాతిక శాతము మించిన అధికమనియు నిర్ణయించుట ఈ దారిద్ర్యమును బట్టియే. కాని ఆ అల్పపు నేలయందు శాతములో పదవవంతు పెరిగినను, హెక్టారు భూమిలో జానెడు లోతున రెండు టన్నుల కర్బనము అదనముగా చేరినట్లు. తుఫాను వానకు నేల కోత తగ్గుటకును, స్వాతికార్తె దాటిన పిదప వాన మొగముచాటు చేసినప్పుడు పైరు కొంత తాళుటకును ఆ రెండు టన్నులు తోడ్పడును. రైతునకు ఈ ఫలము గాలిలోని వాయువు తగ్గుటకంటె ముందుగను, స్పష్టముగను కనబడును.

ఇక మన నేలను చూతము. కంధమాల్ కొండలలో పుట్టిన ఋషికుల్య ఈ ఛత్రపూర్‌నకు ఉత్తరమున, గంజాం పట్టణము చెంత సముద్రము చేరును. కొండదిగువ ఎర్రనేలలు, నది పొడవున ఒండ్రు, అక్కడక్కడ రేగడి తునకలు, తీరమున ఇసుక. ఇసుకకు బంకమన్ను లేదు గనుక కర్బనమునకు అంటుకొను ఆధారము లేదు. ఎంత గత్తము తోలినను ఇసుకదిబ్బ రేగడి కాజాలదు. అట్టిచోట కర్బనము మట్టియందుకంటె వేళ్లయందును, మానులయందును నిలుచుట ప్రకృతి యేర్పాటు. ఛత్రపూర్, రంగైలుండ, చికిటి ప్రాంతములలో గట్లవెంట పెరుగు మొగలిపొదలు పరిమళద్రవ్యపు వర్తకముచేత దేశమంతట పేరు గాంచినవి. కాని ఇసుకను పట్టియుంచి, గట్టు కూలకుండ కాచి, ఏటేట ఆకు రాల్చి ఆ గట్టుక్రింద నల్లని పొరను కూర్చినది ఆ పొదయేయను సంగతి అంతగా ఎన్నబడలేదు. సరిహద్దునకు ఆవల, ఆంధ్రప్రదేశమునందలి ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి, పనస కలసిన తోటలును ఇట్లే ఇసుకనేలను తోటనేలగా మార్చినవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటలను కూల్చినప్పుడు నష్టపోయినది కాయల ఆదాయము మాత్రమే కాదు. రెండు తరముల నీడయు, రాలుటాకును ఒక్క రాత్రిలో పోయినవి. మన తంపర సరస్సు 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సార్ స్థలములలో నొకటిగా ప్రకటింపబడినది. నీటిక్రింది బురదలో కర్బనము శతాబ్దములు నిద్రించును. సరస్సును పూడ్చి మడి చేసిన అది మేల్కాంచి గాలిలో కలియును. పూడ్చకుండుటయే అచట చేయదగిన కృషి.

మడినేల సంగతి మరియొక విధము. నీరు నిలిచిన వరిమడిలో గాలి చొరదు గనుక కుళ్లుట మందగించి, మెట్టకంటె ఎక్కువ కర్బనము నిలుచును. కాని ఆ గాలిలేని బురదయందే మీథేను పుట్టును. నూరేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకంటె ఇరువదిరెట్లకు పైగా తాపకారి. కావున మడిలో కర్బనము పెరిగినదని సంతోషించువారు మీథేనును గూడ గణింపవలెను. మడిని ఆరగట్టి మరల నీరు పెట్టు పద్ధతివలన మీథేను తగ్గును; కాని కాలువనీరు తన వంతు దినమున వచ్చునను నమ్మకము లేనివాడు ఉన్న నీటిని ఎట్లు వదలును? 1866 నాటి మహాదుర్భిక్షము ఒరిస్సాలో ఇంచుమించు పదిలక్షల ప్రాణములను బలిగొన్న పిదప, నాడు మద్రాసు రాజధానిలో భాగమైన ఈ గంజాం మండలమునకు ఆ శతాబ్ది చివరి దశకములలో ఋషికుల్యా కాలువలు, రసెల్‌కొండ, సొరడ జలాశయములు ఏర్పడినవి. రసెల్‌కొండయే నేటి భంజనగరము. ఆకలిచావును అడ్డిన ఆ కాలువలను నేను కృతజ్ఞతతోనే తలంతును. వానినుండి వచ్చు నీరు వేళకు వచ్చునను భరోసా కూడ మృత్తికాకర్బనపు ప్రశ్నలో భాగమేయని మాత్రము మనవి చేయుచున్నాను.

పూర్వులు ఎఱుగరా యన్నచో, ఎఱుగుదురు. పరాశరుని పేర వెలసిన కృషిగ్రంథము, మాఘమున ఎరువుకుప్పను త్రవ్వి యెండబెట్టి, ఫాల్గుణమున చేనిలో గోతులు తీసి అందు నింపి, విత్తుకాలమున చల్లవలెనని విధించి, ఎరువు లేని పైరు పెరిగినను ఫలింపదని చెప్పినది. ఎఱిగిన జాతి ఎందులకు చేయకపోయె నను ప్రశ్నకు ఉత్తరము 1893లో అచ్చయిన ఒక నివేదికయందు కలదు. ఇంగ్లండు రాయల్ వ్యవసాయసంఘమునకు రసాయనశాస్త్రజ్ఞుడైన జాన్ ఆగస్టస్ వోల్కర్, 1889 చివర ఈ దేశమునకు వచ్చి, సంవత్సరమునకు పైగా పల్లెలు తిరిగి, భారతీయ కర్షకుడు అజ్ఞానిగాడనియు, అతడు పేడను పిడక చేయుట వంటచెరకు లేకపోవుటచేతనే యనియు వ్రాసి, పల్లెలచెంత వంటచెరకునకును పశుగ్రాసమునకును వనములు పెంచవలెనని ప్రభుత్వమునకు సలహా యిచ్చెను. ఆ ప్రభుత్వమే అంతకు కొలది యేండ్ల క్రిందట, 1882 నాటి మద్రాసు అటవీశాసనముతో, అడవులను తన అధీనము చేసికొని, కట్టెలకును ఆకెరువునకును పోవు దారిని ఇరుకు చేసియుండెను. అడవి మూసినప్పుడు పేడ పొయ్యికి పోయినది. పేడ పొయ్యికి పోయినప్పుడు చేను చప్పబడినది. చేను చప్పబడుట రైతు సోమరితనమునకు సాక్ష్యముగా కచ్చేరి దస్త్రములకెక్కినది. వోల్కర్ నివేదికను ఆ దస్త్రముల ప్రక్కనుంచి చదువుడని చరిత్రవిద్యార్థులకు నా సలహా.

తరువాతి తరమున ఇండోరులో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ అనువారు పేడ, చెత్త, మట్టి, బూడిదలను పొరలుగా పేర్చి, గాలియు తడియు తగుపాళ్ల నుంచి, మూడునెలలలో ఎరువు చేయు పద్ధతిని క్రమపరచి 1931లో గ్రంథముగా ప్రకటించిరి. దానిని పాశ్చాత్యలోకము సేంద్రియవ్యవసాయమునకు మూలగ్రంథములలో నొకటిగా కొనియాడినది. కాని హోవర్డ్ పద్ధతికిని పేడ కావలె, చెత్త కావలె, కుప్ప తిరగవేయు చేతులు కావలె. ఈ మూడును ఎవరి యింట ఉన్నవో అను ప్రశ్న అప్పుడు తీరలేదు, ఇప్పుడును తీరలేదు. 2016లో ఆరంభమైన ఉజ్జ్వలా పథకముచేత పల్లెపొయ్యిలోనికి గ్యాసు వచ్చి, పేడ చేనికి మరలు అవకాశము నూరేండ్లకు పైబడిన కాలమునకు మొదటిసారి కలిగినది. అదే కాలమున ట్రాక్టరు వచ్చి కాడియెద్దులు కొట్టమునుండి వెడలిపోయినవి. పొయ్యి విడిచిన పేడను వేయు పశువే కరవైనది!

కాలమును గూర్చిన నా వాదమునకు మూడు క్షేత్రములు సాక్ష్యమిచ్చును. ఇంగ్లండునందలి రోథమ్‌స్టెడ్‌లో 1852నుండి 1871వరకు ఇరువదియేండ్లు ఒక బార్లీమడికి పశువుల యెరువును వేసి, ఆ పిమ్మట పూర్తిగా ఆపివేసిరి. ఆపి నూరేండ్లు దాటిన తరువాతను, ఎన్నడును ఎరువెఱుగని ప్రక్కమడికంటె ఆ మడిలో కర్బనము అధికముగనే యుండెను. వేసిన చేతులు మట్టిలో కలసి, వారి మనుమలును గతించిన పిదప గూడ వారి శ్రమ నేలయందు లెక్కకు అందినదన్నమాట. రెండవది మనకు సమీపము: 1943 నాటి బెంగాలు కరవు దరిమిలా, 1946లో కటకమున నెలకొల్పబడిన వరిపరిశోధనాసంస్థయందు 1969నుండి ఒకే మడులలో ఒకే తీరున ఎరువులు వేయుచు పరిశీలించుచున్నారు, రసాయనపుటెరువుతో పశువుల యెరువును కూర్చిన మడులే కర్బనమున మిన్నగా నిలిచినవి. మూడవది తెలుగుగడ్డపైది. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ రేగడి క్షేత్రమున 1976లో ఒక ప్రక్క పాతకాపు పద్ధతిని, అనగా వానకాలము బీడుపెట్టి పిదప జొన్నయో శనగయో వేయుటను, మరియొక ప్రక్క వెడల్పు బోదెలు చేసి వానకాలముననే కందిని తోడుపైరుతో కలిపి వేయుటను ఆరంభించిరి. ఇరువదినాలుగేండ్లకు చూడగా, పాతపద్ధతిలో హెక్టారునకు ఏటికి టన్ను గింజ రాగా, కొత్తపద్ధతిలో ఐదు టన్నులకు సమీపించినది. నాలుగడుగుల లోతువరకు తీసిన మట్టిలో కొత్తపద్ధతి నేల ఏడు టన్నులకు పైగా కర్బనమును అదనముగా దాచుకొన్నది. ఏడు టన్నులనగా ఏటికి మూడువందల కిలోలు! అదియు శాస్త్రజ్ఞులు కావలియున్న క్షేత్రమున, భూమి ఎవరిదను సంశయము లేనిచోట, పావుశతాబ్దము తప్పక నడిపినప్పుడు.

ఇచట ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలెను. ఒక చేనినుండి గడ్డి తెచ్చి వేరొక చేనిలో గత్తముగా వేసిన, రెండవ చేనిలో పెరిగిన కర్బనము లోకమునకు లాభముగాదు. అది చోటు మారినది మాత్రమే. ఈ విమర్శ న్యాయమైనదే. నికరలాభము కలుగవలెనన్న, ఎండలో బీడుపడియుండు నేల పచ్చగా నుండు దినముల సంఖ్యను పెంచవలెను. పటాన్‌చెరువున జరిగినది అదియే. ఆంధ్రప్రదేశమున 2016నుండి రైతుసాధికార సంస్థ నడుపుచున్న ప్రకృతి వ్యవసాయమునందును నాకు సారముగా తోచునది అదియే. ద్రవజీవామృతము, ఘనజీవామృతము అనువానిని గూర్చి అనుకూల ప్రతికూల వాదములు పెక్కు కలవు. వానియందలి కర్బనము స్వల్పము గనుక ఆ వాదములతో నేటి ప్రసంగమునకు పనిలేదు. తొలకరికి ముందే పొడిదుక్కిలో నవధాన్యములు చల్లి, ఏడాది పొడుగున నేలను కప్పియుంచుటయే ఆ పద్ధతికి ప్రాణము. ఆ ఉద్యమమును ఊరూర మోసినవారు స్వయంసహాయక సంఘముల స్త్రీలు. 2024లో పోర్చుగలుకు చెందిన గుల్బెంకియన్ బహుమానము ఆ ఉద్యమమునకును, మృత్తికాకర్బనమును జీవితకాలము పరిశోధించిన రత్తన్‌లాల్‌కును, ఈజిప్టుదేశపు సెకెమ్ సంస్థకును కలిపి ఈయబడినది.

మన జిల్లాలో వరికోతకు ముందు, మడి యింకను తడిగా నుండగనే పెసలును మినుములును చల్లి, మిగిలిన తేమతోనే పండించు ఆచారము పూర్వమునుండియు కలదు. ఒడియాలు దానిని పైరా యందురు. నవధాన్యములను గూర్చి వినగనే ఇది క్రొత్తవింతయని తలంచుటకంటె, మనకున్న పైరాను మార్గశిరమునుండి వైశాఖమువరకు ఎట్లు విస్తరింపవచ్చునో యోచించుట మేలు. దానికి అడ్డము మూడు. మొదటిది, కోతలైన పిదప పశువులను కట్టువిప్పి విడిచిపెట్టు ఆచారము. ఒక్కడు పైరు వేసిన అది ఊరి మందకు మేతయగును. ఊరంతయు ఒక్కమాటపై నిలిచిననే రెండవపైరు దక్కును. రెండవది చేతులు లేకపోవుట. ఒకప్పుడు ఈ మండలపు తెలుగువారును ఒడియాలును గోపాలపురము రేవున ఓడలెక్కి రంగూనునకు పోయి, 1942లో యుద్ధభయమున ప్రాణములు మాత్రము మిగుల్చుకొని తిరిగివచ్చిరి. వారి మనుమలు నేడు సూరతు మగ్గముల యొద్ద నున్నారు. 2020 మేనెలలో, కరోనా మహమ్మారి కాలమున, రైళ్లనిండ తిరిగివచ్చినవారు మరల కొలది నెలలకే వెడలిపోయిరి. కొడుకు పంపు సొమ్ము ఇల్లు కట్టును, గత్తపుకుప్పను తిరగవేయజాలదు. కోతయంత్రము అద్దెకు వచ్చి, గింజను కోసికొని, గడ్డిని చిందరవందరగా మడిలో వదలిపోవును; దానిని ఎత్తువాడు లేక నిప్పుపెట్టుదురు. నేలకు చేరవలసిన కర్బనము ఒక్క సాయంత్రమున గాలిపాలగును. నిప్పు పెట్టినవానిని శిక్షింపవలెనను శాసనములను నేను సమర్థింపను. అతనికి ఇంటిలో ఉన్న చేతులెన్నియో ముందు లెక్కింపవలెను.

మూడవ అడ్డము, దున్నువానికి నేలపై భరోసా లేకపోవుట; అదియే నా ప్రసంగమునకు కేంద్రము. మనము స్మరించుచున్న పెద్దలు భూమి కొనదలచినప్పుడు, ఆ యేటి పంటను అడుగక, ప్రస్తుతము దున్నుచున్నవాడు దానిపై ఎన్నియేండ్లుగా ఉన్నాడని అడుగుట నే నెఱుగుదును. జమీందారీ గ్రామములలో పెరిగినవారగుటచేత ఆయనకు ఆ ప్రశ్న సహజము. 1908 నాటి మద్రాసు ఎస్టేటుభూముల శాసనము రైతునకు సాగుహక్కును స్థిరపరచువరకు, జమీందారు తలచిన శిస్తు పెరుగుచుండగా, నేల బాగుచేసినవానికి దక్కునది హెచ్చుశిస్తు. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతము ఒరిస్సా రాష్ట్రమున చేరినది. 1951 నాటి ఎస్టేటుల రద్దు శాసనముతో జమీందారీలు పోయినవి. హక్కుపట్టా గల రైతు వెలసినాడు. కాని అతని క్రింద మరియొకడు, పట్టాలేనివాడు, అప్పటికే ఉండెను, నేటికిని ఉన్నాడు. 1960 నాటి ఒరిస్సా భూసంస్కరణశాసనము, వితంతువులు, మైనరులు మొదలగు కొలదిమందికి తప్ప, భూమిని కౌలునకిచ్చుటను నిషేధించినది. సదుద్దేశముతో చేసిన శాసనమే. దాని ఫలితము, కౌలు ఆగిపోవుట కాదు, కౌలుకాగితము లేకపోవుట. ఒకనినే పలుయేండ్లు ఉంచిన హక్కు అడుగునేమో యను భయమున, భూమిగలవాడు రెండేండ్లకో మూడేండ్లకో దున్నువానిని మార్చుచున్నాడు. కౌలుదారును కాపాడుటకు పుట్టిన శాసనము అతనిని ఊరిలోనే సంచారిని చేసినది.

ఆవల ఆంధ్రప్రదేశము 2019లో సాగుదారుల హక్కుల శాసనమును చేసి, యజమాని సమ్మతితో కౌలురైతునకు పత్రమిచ్చు మార్గమును తెరచినది. అప్పునకును, పంటబీమాకును, నష్టపరిహారమునకును అది ఉపకరించును. ఆ మేరకు శ్లాఘ్యమే. ఆ పత్రపు గడువెంత? పదకొండు నెలలు. పటాన్‌చెరువు రేగడి ఏడు టన్నుల కర్బనమును దాచుకొనుటకు ఇరువదినాలుగేండ్లు పట్టినది. పదకొండు నెలల కౌలుదారు జీలుగ చల్లి దున్నునా? చెరువుమట్టి తోలించునా? గొర్రెలమందను రాత్రులు చేనిలో నిలిపి, కాపరికి ధాన్యము కొలుచునా? అతడు యూరియా చల్లును. దాని ఫలము అతని గడువులోపలనే అతనికి వచ్చును. ఆ ఎన్నికయందు అవివేకము లేదు. తన కాలపరిమితికి సరిపోవు పెట్టుబడినే అతడు పెట్టుచున్నాడు, మనలో ఎవరమైనను పెట్టుదుము.

ఇట్టి నేలపైకి ఇప్పుడు కర్బనపు వర్తకము వచ్చుచున్నది. భారతప్రభుత్వము 2023లో కర్బనపుపరపతుల (కార్బన్ క్రెడిట్ల) వ్యాపారమునకు పథకమును ప్రకటించి, 2024 జనవరిలో వ్యవసాయరంగమునకు స్వచ్ఛంద విపణిని గూర్చి మార్గదర్శకములను వెలువరించినది. కొనువాడు కోరునది, చేరిన కర్బనము దశాబ్దముల తరబడి నేలవిడువదను హామీ. ఆ హామీపై చేవ్రాలు చేయగలవాడు పట్టాదారు. దానిని నెరవేర్పగలవాడు దున్నువాడు. సొమ్ము మొదటివానికి, శ్రమ రెండవవానికి చెందునట్లు ఒప్పందములు ఏర్పడినచో, ఒక దుక్కితో, ఒక నిప్పుతో ఆ హామీ భగ్నమగును, అందు దున్నువాని దోషమును ఎంచుటకు వీలులేదు. ఈ విపణిని నేను నిరాకరింపను. దున్నువాని పేరు లేని ఒప్పందమును మాత్రము కర్బనపు ఒప్పందముగా అంగీకరింపజాలను.

ఈ సభయందున్నవారిలో పెక్కురు బరంపురమునందో, విశాఖపట్టణమునందో నివసించుచు, తాతలనాటి భూమిని ఊరిలో వేరొకరిచేత చేయించుచున్నవారు. నేనును వారిలో నొకడను. శాసనములు సవరింపబడవలెనని కోరుటకు మనకు హక్కు కలదు. కౌలును నిషేధించుటకు మారుగా దానిని దీర్ఘకాలముగా, నిర్భయముగా వ్రాసికొనుటకు వీలుకల్పింపవలెనని నేనును కోరుచున్నాను. ఆలోపల చేయదగినది లేకపోలేదు. దున్నువానిని పదేండ్లు మార్చబోమని గ్రామపెద్దల యెదుట మాట యీయవచ్చును. పైరా పెసలలోను మినుములలోను పాలు అడుగక వానికే విడువవచ్చును. గడ్డి మడిలో మిగిల్చినందులకును, పచ్చిరొట్టకును, చెరువుమట్టికిని అగు ఖర్చును మనము భరింపవచ్చును. పశువులను విప్పు దినమును ఏటేట ఊరంతయు కూడి నిర్ణయించునట్లు ప్రోత్సహింపవచ్చును. మట్టిని మాత్రము ఇప్పుడే పరీక్షింపవలెను, లేనిచో పదేండ్లకు పెరిగినదో తరిగినదో ఎవరును చెప్పజాలరు. పెసర కోసిన పిదప, తొలకరిదుక్కికి ముందు, చేనికి పదిచోట్ల, జానెడు లోతున ఒకటియు, రెండడుగుల లోతున ఒకటియు చొప్పున మట్టి తీసి, పైమట్టి నొకటిగా, అడుగుమట్టి నొకటిగా కలిపి, చేని పేరును తేదీని వ్రాసి, భువనేశ్వరపు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకో జిల్లా పరీక్షాశాలకో పంపవలెను. వచ్చిన ఫలితపు ప్రతి ఒకటి దున్నువాని యింట ఉండవలెను. పరీక్షకగు రుసుము భూమిగలవాడు చెల్లింపవలెను.